చెక్క మీద చల్లిన నీళ్లు

ఉదయగిరి కొండ కింద గరిటెలు చెక్కే వీధిలో హజరాబీకి ఇంకో పేరుంది. నిద్రమొహంది. ఎదురుగా అన్నవాళ్లు లేరు గానీ వెనకాల అననివాళ్లూ లేరు. ఆకురాయితో చెంచా రుద్దుతూ రుద్దుతూ అలాగే గోడకు తల ఆనించేస్తుంది. నీళ్ల బిందె ఎత్తుకుని బోరింగు నుంచి ఇంటికి వచ్చేలోపు రెండుచోట్ల దించుతుంది. పొయ్యి ముందు కూర్చుంటే లేవడానికి నేల మీద చెయ్యి ఊనాలి. ముప్పై అయిదేళ్ల మనిషి, చూస్తే యాభై దాటినట్టుంటుంది. "తిని కూర్చుంటే అంతేగా" అని ఒకరు, "కాదమ్మా, పుట్టుకతోనే బద్ధకం" అని ఇంకొకరు. అలిసిపోయిన ఆడదాన్ని బద్ధకస్తురాలనడం లోకానికి తేలిక. ఎందుకు అలిసిపోయిందని అడిగితే ఆ తర్వాత ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

ఆమె భర్త మదార్ సాహెబ్ మంచి పనివాడు. కొండ మీది నర్ది చెక్కను బాడిసతో నాలుగు దెబ్బలు కొడితే గరిటె ఆకారం లేచి వచ్చేది. తమ్ముడు షావలిదీ అదే పని. చెక్కడం మగవాళ్లది, నునుపు పట్టడం ఆడవాళ్లది. పచ్చి చెక్క మీదే పని సాగుతుంది; ఎండిపోతే నెర్రెలు విచ్చి పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకని ఇంటి వెనక కట్టెల గదిలో దుంగల మీద గోనెపట్టాలు కప్పి, అవి ఆరకుండా నీళ్లు చల్లుతుంటారు. ఈ నీళ్లే ఆ ఇంట్లో పదిహేనేళ్ల పాటు ఇద్దరు ఆడవాళ్లను ఎడముఖం పెడముఖం చేసి కూర్చోబెట్టాయి.

ఆ ఇద్దరిలో పెద్దామె ఖాజాబీ, హజరాబీ అత్త. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఉరుదూ అయినా, కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఖాజాబీ నోట వచ్చేది తెలుగే. చేజర్ల నుంచి పంతొమ్మిది వందల డెబ్బైలో కాపురానికి వచ్చిన హజరాబీతో ఆమె మొదట్నుంచీ ముక్తసరిగానే మాట్లాడేది. అలాగని గయ్యాళి కాదు. ఆ తరం ఆడవాళ్లకు మాటలు తక్కువ, అంతే. అందులోనూ ఒంటి సంగతులకు అసలు మాటే లేదు.

నెలనెలా వచ్చేదానికి ఆ ఇంట్లో పేరు లేదు. ఆ మాటకొస్తే అది ఆ ఇంట్లో వస్తున్నట్టే ఎవరికీ తెలియకూడదు. గుడ్డలు చీకట్లో ఉతకాలి, పెరట్లో ఆరేసిన చీర కింద దాచి ఆరబెట్టాలి. మగవాళ్ల కంట పడితే తల తీసేసినట్టే. హజరాబీకి పుట్టింట్లో వాళ్లమ్మ చెప్పింది రెండే ముక్కలు: "అది చెడ్డ రక్తం. పోయినంత మంచిది. ఆ దినాల్లో నమాజు లేదు, రోజా లేదు, విడిచిన రోజాలు తర్వాత ఉండాల." అక్కడితో ఆ తల్లి బాధ్యత తీరిపోయింది.

చిన్న కొడుకు ఏడో నెలలో పాలు మానేసిన కాడ నుంచి, అంటే డెబ్బై తొమ్మిది నుంచి, హజరాబీకి ఆ చెడ్డ రక్తం ఆగడం మానేసింది. మొదట వారం, తర్వాత రెండు వారాలు. ఇప్పుడు నెలలో ఒంటి మీద పొడిగా ఉండే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముద్దలు ముద్దలుగా పడేది. పోయినంత మంచిదని అమ్మ చెప్పింది గదా, తనలో చెడు ఎక్కువుందేమో, పోనీలే పోతే పోయింది అనుకుంది. అది నవ్వాల్సిన మాట కాదు. ఆమెకు తెలిసిందల్లా అదొక్కటే మరి.

మరీ కళ్లు తిరిగినప్పుడు బస్టాండు దగ్గర సూదేసే ఆయన దగ్గరికి మదార్ సాహెబే తీసుకుపోయాడు. "ఏంది బాధ?" అని ఆయన అడిగాడు. పక్కన భర్త, ఎదురుగా పరాయి మగాడు. హజరాబీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీరసం" అంది. ఆయన బలానికి ఎర్రటి సీసా మందు ఇచ్చాడు. నీరసం తగ్గలేదు గానీ సీసాలు మాత్రం గూట్లో వరసగా చేరాయి. వాటిలో ఇప్పుడు ఆవాలు, మెంతులు పోసుకుంటున్నారు.

రంజాన్ వస్తే ఇంకో నరకం. మామూలుగా అయితే ఆ దినాల్లో ఆడవాళ్లకు రోజా లేదు, తినొచ్చు. కానీ తింటే మగవాళ్లకు తెలుస్తుంది. అందుకని ఇంట్లో ఆడవాళ్లందరూ తెల్లారకముందే లేచి సహరీకి కూర్చోవాలి, రోజా ఉన్నట్టే కనపడాలి, సాయంత్రం అందరితో పాటు ఖర్జూరం నోట్లో వేసుకోవాలి. మధ్యలో ఎక్కడ తింటారో, ఎప్పుడు తాగుతారో ఎవరి తంటాలు వాళ్లవి. హజరాబీకి ఆ తంటా పడే చోటు దొరకలేదు. ఆ ఇంట్లో వంటిల్లంటే ముందు పంచలోనే ఒక మూల. పంచలో ఎప్పుడూ ఇద్దరు మగవాళ్లు చెక్కుతూ ఉంటారు. అత్తేమో పగటిపూట పచ్చి గంగైనా ముట్టదు. అంత నిష్ఠ గల మనిషి ముందు తానేం తింటుంది? ఏ దినాల్లో ఉన్నా సరే, సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా ఉండిపోయేది. ఆ పైన, అవి లెక్కలోకి రావని, రంజాన్ అయ్యాక మళ్లీ రోజాలు ఉండేది. ఆ తర్వాతా రక్తం ఆగదు గనక అవీ సాగవు. బాకీ తీరేది కాదు, మనిషి మాత్రం తరిగిపోతోంది.

కాపురానికొచ్చిన మొదటి రంజాన్‌లో అత్త ఆమెతో ఒక్కటే మాట అంది. "కట్టెల గదిలో ముంత పెట్టినా. చూసుకో." హజరాబీ పోయి చూసింది. దుంగల పక్కన మట్టి ముంత, నిండా నీళ్లు, మీద తెల్లటి గుడ్డ మూత. రంజాన్‌లో మగవాళ్లు ఓపిక లేక కట్టెల గదికి రారు గనక చెక్క తడిపే పని తనకు ఒప్పజెప్పిందనుకుంది. ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది. ఇంత చలిలో చెక్కకు రోజూ నీళ్లెందుకని ఒక క్షణం అనిపించింది కూడా. కొత్త కోడలు ప్రశ్నలు వెయ్యదు. ముంత ఎత్తి గోనెపట్టాల మీద చల్లి, ఖాళీ ముంత అక్కడే బోర్లించి వచ్చింది. మర్నాడు మళ్లీ నిండా నీళ్లు. నెల పొడుగునా అంతే. ఏడాదికేడాది అంతే.

అప్పట్నుంచీ రంజాన్ వస్తే అత్త మాటల్లో ముల్లు కనపడేది. ఇఫ్తార్ దగ్గర కూర్చుని, "కొందరికి రోజా నోటి మాటకే, కడుపుకు తెలవదు" అనేది. నమాజు వేళకు హజరాబీ చాప మీదికి రాకపోతే, "దానికేం, అల్లాతో పనిలేని మనిషి" అనేది. నెలలో మూడు వంతులు తనను తాను మైల మనిషిగా లెక్కేసుకుని నమాజుకు దూరమైన హజరాబీకి ఆ మాట పొడిచినట్టుండేది. రోజా సంగతి మాత్రం అర్థమయ్యేది కాదు. నాలుక పిడచ కట్టుకుపోయి ఉంటే నోటి మాటకే రోజా అంటుందేంది ఈమె? అడిగిందా అంటే లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంది.

*

ఎనభై అయిదు ఉగాది ముందు హజరాబీ కూతురు రజియా పెద్దమనిషైంది. పదమూడేళ్ల పిల్ల, బడికి పోతున్న పిల్ల, పోలేరమ్మ పూనినట్టు కేకలు పెట్టింది. హజరాబీ నోరు మూసి లోపలికి లాక్కుపోయింది. కొబ్బరి, బెల్లం, నువ్వుండలు పెట్టారు, కొత్త పావడా వోణీ ఇచ్చారు. బడి మాన్పించారు.

"ఇది ఎందుకొస్తాది అమ్మీ?" అని అడిగింది రజియా.

"చెడ్డ రక్తం. పోవాల."

"నేనేం చెడ్డపని చేసినానని?"

"ఎవరికీ చెప్పబాకు" అంది హజరాబీ. ఆ మాట అంటుంటే తన గొంతులో వాళ్లమ్మ గొంతు వినపడి ఆమెకే విసుగేసింది.

ఆ వేసవిలోనే ఒకరోజు కవ్వం ఇవ్వడానికి వెంకమ్మ ఇంటికి వెళ్లింది. వెంకమ్మ భర్త మాలకొండయ్యకు వరికుంటపాడు దారిలో ఇరవై ఎకరాల మెట్ట ఉంది. వెంకమ్మ వెనక వసారాలో విడిగా చాప మీద కాళ్లు బారచాపుకుని ఉంది. పక్కన విడి చెంబు, విడి పళ్లెం.

"ఆడనే పెట్టు హజరాబీ, నేను బయట ఉండా" అంది వెంకమ్మ. సిగ్గూ లేదు, గుసగుసా లేదు, వీధికంతా వినపడేట్టు అంది. "మూడు దినాలు నన్నెవరూ ముట్టరు, ఎవరూ పని చెప్పరు. మా అత్త అంటు అనుకుంటాది, నేను రెస్టనుకుంటా."

హజరాబీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఊరందరికీ తెలిసి గడపవతల కూర్చోవడం గౌరవమేం కాదు, అది ఆమెకూ తెలుసు. కానీ కూర్చోవడమైతే ఉంది గదా అనుకుంది.

"నీ మొగమేందిమే సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాది?" అంది వెంకమ్మ.

"ఏం లేదక్కా. నీరసం."

"నీరసం ఊరికే వస్తాదా? మా చెల్లెలికీ ఇట్నే ఉంటే ఆత్మకూరు ఆస్పత్రిలో రెబెకమ్మని నర్సమ్మ చూసింది. ఆడమనిషి, సిగ్గుపడే పని లేదు. పోయిరా."

ఆత్మకూరు పోవాలంటే బస్సెక్కాలి. బస్సెక్కాలంటే మదార్ సాహెబ్‌ను అడగాలి. అడిగితే ఎందుకని అంటాడు. ఆ ఎందుకు దగ్గరే హజరాబీ దారి మూసుకుపోయేది. ఎన్నిసార్లు నోటిదాకా తెచ్చుకుందో, అన్నిసార్లూ "నీరసం" అనే మాటే బయటికొచ్చింది. ఇట్లాగే పోతే తాను ఎక్కువ కాలం ఉండనని ఆమెకు లోపల తెలుసు. చావుకు భయపడే ఓపిక కూడా లేకపోయింది. పిల్లలేమైపోతారన్నదొక్కటే గుచ్చుతుండేది.

*

ఆ ఏడు రంజాన్ సరిగ్గా రోహిణి కార్తెకు వచ్చి పడింది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఉదయగిరిలో వెనక కొండ బండ వేడెక్కి, ముందు వీధి మట్టి వేడెక్కి, మధ్యలో మనిషి పెనం మీద రొట్టెలాగా అటొకసారి ఇటొకసారి కాలుతాడు. హజరాబీకి రంజాన్ ముందు మొదలైన రక్తం ఆగలేదు. ఆమె మామూలుగానే సహరీకి లేచింది, మామూలుగానే నీళ్లు మానేసింది. అత్త మామూలుగానే ముంత పెట్టింది. హజరాబీ మధ్యాహ్నం పూట కట్టెల గదిలోకి పోయి, ఎండకు నిజంగానే బిగుసుకుపోతున్న దుంగల మీద ఆ నీళ్లు చల్లేది. తడిసిన చెక్క వాసన కమ్మగా ముక్కుకు తగిలేది. ఖాళీ ముంత చల్లగా ఉంటే చెంపకు ఆనించుకునేది. అంతకు మించి ఆశపడలేదు.

మధ్యలో ఒక నెల తప్పి, రజియాకు రెండోసారి ఆ రంజాన్‌లోనే వచ్చింది.

"ఇప్పుడు నాకు రోజా లేదు గదా అమ్మీ? ఏడ తినాల?" అంది పిల్ల చెవిలో.

"మీ అబ్బా, చిన్నాయన చూడకుండా."

"వాళ్లు పంచలోనే ఉంటారు గదా. నువ్వు ఏడ తింటావు?"

"నేను తినను."

రజియా తల్లి ముఖంలోకి చూసింది. పిల్లలు చెప్పింది వినరంటారు గానీ, చేసింది మాత్రం చూస్తారు. ఆ రోజూ మర్నాడూ ఆ పిల్ల నోట్లో చుక్క నీళ్లు పోసుకోలేదు. హజరాబీ సంగతి గమనించింది. తిట్టింది, బతిమాలింది. "నువ్వు తాగు, నేనూ తాగతా" అంది రజియా. ఆ మొండితనం ఎక్కడ్నుంచి వచ్చిందో హజరాబీకి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి రోజు శుక్రవారం. మగవాళ్లు జుమ్మా నమాజుకు మసీదుకు వెళ్లారు. ఖాజాబీ మంచం మీద తస్బీ పూసలు తిప్పుకుంటోంది. తల్లీ కూతుళ్లు పంచలో కూర్చుని పప్పుగరిటెలకు నునుపు పడుతున్నారు. రజియా చేతిలో ఉప్పుకాగితం జారింది. పిల్ల ముందుకు వంగినట్టే వంగి, రంపపు పొట్టులో బోర్లా పడింది.

హజరాబీ కేక విని ఖాజాబీ లేచి వచ్చింది. పిల్ల పావడా మీద మరక చూసింది, పెదాలు చూసింది. ఎండి పొరలు లేచి ఉన్నాయి. ముసలామెకు సంగతి ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"పిల్లకు ముంత చూపీలేదా నువ్వు?" అని అరిచింది.

"ఏ ముంత?"

"ఏ ముంతేందే! కట్టెల గదిలో పెట్టేది! పదిహేనేండ్లు నువ్వు తాగి, కన్నకూతురికి చూపీకుండా పోతివా?"

హజరాబీ పిల్ల తలను ఒళ్లోకి తీసుకుంది.

"అది చెక్కకు గదా అత్తమ్మా" అంది. "చెక్క తడిపేదానికి గదా పెడతావు. నేను రోజూ చెక్క మీద చల్లినా."

ఖాజాబీ చేతిలో తస్బీ ఆగింది.

"చల్లినావా?"

"రోజూ చల్లినా. మొదటేడు నుంచీ."

"మరి నువ్వు యాడ తాగేదానివి?"

"యాడా తాగలేదు."

ముసలామె మెల్లగా కింద కూర్చుంది. మంచం కాలు పట్టుకుని కూర్చుంది. ఆమె కడుపులో పదిహేనేళ్లుగా మురుగుతున్న కథ వేరే. తన అత్త తనకు ఆ కట్టెల గదిలోనే చాటుగా ముంత పెట్టేది. ఆ దినాల్లో తాను అక్కడే తాగేది, ఎవరికీ తెలియకుండా కొంగులో బొరుగులు పట్టుకుపోయి తినేది. కోడలు వచ్చాక తానూ పెట్టింది. ఏ దినాలో అడగడానికి సిగ్గేసి నెల పొడుగునా పెట్టింది. సాయంత్రం చూస్తే రోజూ ముంత ఖాళీ. ఆ దినాల్లోనే కాదు, రంజాన్ మొత్తం ఈ పిల్ల నీళ్లు తాగేస్తోంది, ఒక్క రోజా కూడా నిజంగా ఉండదు, పైగా ఇఫ్తార్‌కు అందరికంటే ముందు కూర్చుంటుంది అనుకుంది. కొడుకుకు చెబితే కాపురం చెడుతుందని మింగింది. మింగలేక అప్పుడొకటి ఇప్పుడొకటి కక్కింది. అయినా ఒక్క రోజు కూడా ముంత పెట్టడం మాత్రం మానలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ అత్త అడగకుండానే పెట్టింది. తాగమని మాత్రం చెప్పలేదు.

ఖాజాబీ లేచి కట్టెల గదికి పోయి ముంత తెచ్చింది. రజియా నోట్లో కొంచెం కొంచెంగా పోసింది. పిల్ల కళ్లు తెరిచాక ముంత హజరాబీ ముందు పెట్టింది.

"నీకు గూడా ఉండాదా?"

హజరాబీ తలూపింది.

"ఎన్నో దినం?"

"ఆగితే గదా అత్తమ్మా ఎన్నో దినమని చెప్పేదానికి."

అన్నేళ్లూ నోటిదాకా వచ్చి వెనక్కి పోయిన మాట అది. ఇంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. వచ్చాక ఇంక ఆగలేదు. ముద్దలు పడడం, నడుము విరిగినట్టుండడం, ఎర్ర సీసాలు, అన్నీ చెప్పేసింది. ఖాజాబీ వింటూ వింటూ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"పది దినాలే పిల్లా! పది దాటితే అది మనకు నెలనెలా వచ్చేది గాదు, జబ్బు. మా అమ్మ చెప్పింది నాకు. జబ్బు రక్తానికి నమాజు ఆగదు, కడుక్కోని చేసుకోవచ్చు. రోజా కూడా చెల్లుతాది." ఆమె రజియా నుదురు తుడిచింది. "దొంగ రోజాలని నేననుకున్నెవి, లెక్కకు రావని నువ్వనుకున్నెవి, శానా మటుకు నిజం రోజాలేనే. జబ్బు మనిషికి అల్లా మాఫీ ఇచ్చినా నువ్వు ఉన్నావు."

"నాకెవరూ చెప్పలేదు అత్తమ్మా."

"నేను చెప్పాల్సింది" అంది ఖాజాబీ.

హజరాబీ ముంత ఎత్తి తాగింది. పట్టపగలు, పంచలో, అత్త ముందు. నీళ్లు గొంతు దిగుతుంటే దుఃఖం ఎదురొచ్చింది. ఒక్క మాట, ఇంట్లో ఒక్క మాట, "అది నువ్వు తాగేదానికి" అన్న ఒక్క మాట లేక ఎంత ఒళ్లు కరిగిపోయిందో తలచుకున్నా ఆమెకు అత్త మీద కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

మగవాళ్లు వచ్చేసరికి ఖాజాబీ గడపలో నిలబడి ఉంది. "మదారూ, నీ పెండ్లానికి ఆరేండ్లుగా రక్తం ఆగడం లేదంట. రేపు పొద్దున ఆత్మకూరు బస్సుకు తీసకపో" అంది. షావలి తల దించుకుని లోపలికి జారుకోబోయాడు. "నువ్వూ విను. నువ్వూ ఆడదాని కడుపునే పుట్టినావు" అంది.

మదార్ సాహెబ్ చెప్పులు విప్పకుండానే నిలబడిపోయాడు. "నాతో చెప్పచ్చు గదా" అన్నాడు భార్యతో. ఎట్లా చెప్పాలో మాత్రం ఆయన చెప్పలేదు, చెప్పలేడు కూడా. అయితే ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు.

*

ఆత్మకూరు ఆస్పత్రిలో రెబెకమ్మ నడివయసు మనిషి, గట్టి గొంతు. హజరాబీ కింది రెప్ప లాగి చూసి, "ఇంతమాత్రం రక్తంతో నడిచి వచ్చినావా తల్లీ?" అంది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి లోపల గడ్డలున్నాయనీ, నెల్లూరు పోయి ఆపరేషన్ చేయించుకోవాలనీ చెప్పింది. ఖాజాబీ, రజియా కూడా వెంట వచ్చారు. డాక్టరమ్మ చీటీ రాస్తున్నంతసేపూ రజియా ఆ నర్సమ్మ మొహమే చూస్తూ, ఉండబట్టలేక అడిగింది.

"చెడ్డ రక్తం పోతే మంచిదే గదా మేడం?"

"చెడ్డ రక్తం ఎవురు చెప్పినారు నీకు?" రెబెకమ్మ మంచం అంచున కూర్చుంది. "చుట్టం వస్తాడని మనం పక్క పరిచి పెట్టమా? ఆడదాని గర్భసంచి గూడా అంతే. బిడ్డ వస్తాదేమోనని నెలనెలా లోపల మెత్తగా పక్క పరుస్తాది. బిడ్డ రాకపోతే ఆ పక్క తీసేస్తాది. నువ్వు చూసేది అదే. చెడ్డదీ గాదు, పాపమూ గాదు. పక్క తీసేదానికి మూడు దినాలో, అయిదో, వారమో చాలు. మీ అమ్మకు నెలంతా తీస్తానే ఉండాదంటే, లోపల గడ్డలు అడ్డం పడినాయని."

"నాకు మధ్యలో ఒక నెల రాలేదు. అది తప్పా?"

"కొత్తల్లో అంతే. ఒక నెల వస్తాది, ఒక నెల రాదు. ఒళ్లు నేర్చుకోవద్దా? రెండేండ్లకు కుదురుకుంటాది."

రజియా ముఖం విప్పారింది. ఒళ్లు కూడా బడి పిల్లలాగే నేర్చుకుంటుందన్న మాట ఆ పిల్లకు నచ్చింది. ఖాజాబీ మాత్రం గోడకు ఆనుకుని వింటూ, "ఇంతేనా? ఇంత చిన్నదానికేనా?" అని తనలో తాను గొణుక్కుంది. అరవై ఏళ్లు దాచిపెట్టిన మూట విప్పితే అందులో దాచాల్సిందేమీ లేనట్టుంది ఆమెకు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించాలన్నారు. మదార్ సాహెబ్ చెయ్యి చాపాడు, కలవలేదు. షావలిది కలిసింది. ఏ మరిది కంట పడతానని గుక్కెడు నీళ్లు తాగడానికి వెనకాడిందో, ఆ మరిది రక్తమే సీసాలోంచి చుక్క చుక్కగా ఆమె చేతిలోకి దిగింది. హజరాబీ కళ్లు మూసుకుని పడుకుంది. సిగ్గేమీ అనిపించలేదు. నిద్ర మాత్రం బాగా వచ్చింది.

గర్భసంచి తీసేశారు. ఉన్నపళాన మనిషి మారిపోయిందని చెబితే అబద్ధం. అన్నేళ్ల అలుపు ఒక ఆపరేషన్‌తో పోదు. చాలా నెలలు ఆమె అలాగే గోడకు తల ఆనించి కునుకు తీసింది, వీధి అలాగే నిద్రమొహంది అంది. తేడా ఏమంటే, ఇప్పుడు ఖాజాబీ గడపలోకొచ్చి, "దాని ఒంట్లో రక్తం లేకపోతే మీరేమన్నా ఇచ్చినారా?" అని వీధికి జవాబు చెప్పేది.

మరుసటి ఏడు రంజాన్ ఇంకా ముందుకు జరిగి మండుటెండల్లోనే వచ్చింది. హజరాబీ మొదటిసారి నెల మొత్తం ఏ లెక్కా లేకుండా రోజా ఉంది, అయిదు పూటలా చాప మీద నిలబడింది. మొదటి రోజే కొత్త ముంత కడిగి, నీళ్లు పోసి, బెల్లం ముక్క పక్కన పెట్టి, తెల్లగుడ్డ కప్పి కట్టెల గదిలో పెట్టింది. నట్టింట్లో పెట్టే ధైర్యం ఆ ఇంటికి ఇంకా రాలేదు. అది ఎప్పటికొస్తుందో ఎవరికి తెలుసు. తర్వాత పంచలోకి వచ్చింది. మదార్ సాహెబ్ బాడిసతో చెక్కుతున్నాడు, షావలి దుంగ కోస్తున్నాడు, ఖాజాబీ మంచం మీద ఉంది.

"రజియా" అని పిలిచింది, అందరికీ వినపడేట్టు. "కట్టెల గదిలో ముంత పెట్టినా. అది చెక్కకు గాదు. నువ్వు తాగేదానికి."

బాడిస దెబ్బ ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలైంది.